గెడ్డాడ కుసుమ వంగడం

ఆ సోమవారం త్రినాథ్ చెయ్యాల్సిన పనులు ఇవి.

పొద్దున్న ఏడింటికి కణాలకు పోషకద్రవం మార్చాలి. నాలుగో గదిలో వేడి ముప్పై ఏడు డిగ్రీల దగ్గరే ఉందో లేదో రెండుసార్లు చూడాలి. కేరళ వెళ్ళాల్సిన మూడు మూత్రపిండాలను చలిపెట్టెల్లో సర్ది డ్రోన్ ఎక్కించాలి. ఉమ్మడి మూత్రపిండం వద్దన్నవాళ్ళ జాబితా రాసి డైరెక్టరు బల్ల మీద పెట్టాలి. నీళ్ళ ట్యాంకుకి వడపోత మార్చమని మళ్ళీ ఒకసారి అడగాలి. అమ్మ కళ్ళజోడు తేవాలి. సోమేశ్వర్రావు మాస్టారి సొంత కణాలు ఏమయ్యాయో యంత్రాన్ని అడగాలి. అది ఏం చెప్పినా, మాస్టారింటికి వెళ్ళి తనే చెప్పాలి.

చివరి రెండూ వదిలేసి మిగతావన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోయాడు. జాబితా రాసేటప్పుడు మాత్రం చెయ్యి నొప్పెట్టింది. వద్దన్నవాళ్ళు నూట నలభై మంది ఉన్నారు.

ఇది 2071 నాటి సంగతి. ఉత్తర కోస్తాలో కొత్తజీడిపేట చుట్టూ ఉన్న నలభై ఊళ్ళని దిబ్బల ప్రాంతం అంటారు. ఇసుకనేల, జీడితోటలు, కొబ్బరి. అక్కడ నాలుగు తరాలుగా మనుషులకు మూత్రపిండాలు పాడైపోతున్నాయి. నీళ్ళన్నారు, నేలన్నారు, పురుగుమందులన్నారు. కమిటీలు వచ్చాయి, సీసాల్లో నీళ్ళు పట్టుకుని వెళ్ళాయి. జబ్బు మాత్రం వెళ్ళలేదు. ఐదేళ్ళు నిండిన ప్రతి పిల్లకీ చేతికి పట్టీ కడతారు. మూత్రపిండాలు పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ అంకె అందులో కనిపిస్తూ ఉంటుంది. పెళ్ళి సంబంధం వస్తే జాతకం కంటే ముందు ఆ అంకె అడుగుతారు.

ఊరూరికీ డయాలసిస్ బస్సు వస్తుంది. పొడవాటి బస్సులో పన్నెండు పడకలు. వారానికి మూడుసార్లు జనం కేరియర్లు పట్టుకుని ఎక్కి, సూదులు పెట్టించుకుని, బస్సు ఊళ్ళ మీదుగా నడుస్తుండగానే నాలుగు గంటల పాటు చింతపిక్కలాడుకుంటూ, వియ్యపురాళ్ళని తిట్టుకుంటూ రక్తం కడిగించుకుంటారు. దిబ్బల ప్రాంతంలో ఆ బస్సు నడిపే మనిషి పేరు గెడ్డాడ కుసుమ. నలభై ఆరేళ్ళుంటాయి. గొంతు పెద్దది. ఎవరి పడక ఏదో, ఎవరికి ఏ చేతి నరం దొరుకుతుందో నర్సు కంటే ఆవిడకే బాగా తెలుసు.

ఈ కష్టాన్ని తీర్చడానికే అక్కడ తిరుగుకణ కేంద్రం పెట్టారు.

మనిషి తల్లి కడుపులో పడ్డ మొదటి రోజుల్లో ఉండే కణాలకు ఫలానా పని అంటూ ఉండదు. వాటిలో ఏదైనా గుండె కావచ్చు, గోరు కావచ్చు. అందుకే వాటిని మూలకణాలంటారు. రోజులు గడిచేకొద్దీ ఒక్కో కణం ఒక్కో పనిలో కుదురుకుంటుంది. ఇక చర్మకణం చర్మకణాన్నే కంటుంది, కాలేయకణం కాలేయకణాన్నే. అయితే కుదురుకున్న కణంలో కూడా మొదటి పాఠం మొత్తం చెక్కుచెదరకుండా ఉంటుంది. డీఎన్ఏలో పేజీలు చిరిగిపోవు, మూతపడతాయంతే. నాలుగు ప్రోటీన్లను సరైన పాళ్ళలో పంపిస్తే ఆ పేజీలు మళ్ళీ తెరుచుకుంటాయి. కణం తన పని మరిచిపోయి మొదటి రోజుకు తిరిగి వెళ్తుంది. అలా వెనక్కి వెళ్ళినదే తిరుగుకణం. ఇంతవరకు శతాబ్దం మొదట్లోనే తెలుసు. ఆ తిరుగుకణాన్ని మళ్ళీ ముందుకు నడిపించి, రక్తనాళాలతో సహా నిండు మూత్రపిండంగా పెంచే యంత్రం రావడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. కాగితాల మీద దాని పేరు ప్రత్యావర్తన యంత్రం. ఆ పేరు పలకలేక కేంద్రంలో అందరూ దాన్ని మంత్రసాని అనేవాళ్ళు.

మంత్రసాని రెండు రకాలుగా పని చేసేది. రోగి బుగ్గ లోపల గీకి తీసిన కణాలతో అతని సొంత మూత్రపిండాన్నే పెంచడం ఒకటి. దానికి ఏడు నెలలు పడుతుంది. పైగా ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్నవాళ్ళ కణాలు లోపల దెబ్బతిని ఉంటాయి. ఆరుగురిలో ఒకరికి కుదిరితే గొప్ప. రెండోది ఉమ్మడి కణం. కోటి మందిలో ఒకరికి అరుదైన కణాలుంటాయి. వాటిని ఎవరి ఒంట్లో పెట్టినా ఆ ఒళ్ళు వాటిని పరాయివని పసిగట్టదు. అలాంటి మనిషి ఒక్కరు దొరికితే చాలు, మూత్రపిండాలు ముందే పెంచి అలమరల్లో సిద్ధంగా ఉంచుకోవచ్చు.

ఆ ఒక్క మనిషీ దొరికింది. యంత్రం కొత్తగా వచ్చినప్పుడు దాన్ని సరిచూడటానికి సిబ్బంది అందరి బుగ్గలూ గీకారు. బస్సు తాళాలు ఇవ్వడానికి వచ్చిన కుసుమ, "నాదీ గీకండి బాబూ, ఏటున్నాదో సూద్దాం" అని నవ్వుతూ నోరు తెరిచింది.

వరి వంగడానికి పేరు పెట్టినట్టే కణ వంగడానికీ ఒక పేరు పెట్టాలి. రూలు ప్రకారం అంకె చాలు. త్రినాథ్ ఒప్పుకోలేదు.

"కుసుమ అంటే సరిపోదా?" అని అడిగింది డైరెక్టరు డాక్టర్ హైమవతి. ఆవిడది హైదరాబాదు.

"ఇంటిపేరు లేకుండా పేరేంటి మేడమ్? డిగ్రీ పట్టా మీద మా ఇంటిపేరు చూసి మా అమ్మ ఏడ్చింది. మా వంశంలో కాగితం మీదికెక్కిన మొదటి పేరు అది. ఆవిడకీ ఆ గౌరవం దక్కాలి."

మనస్ఫూర్తిగానే అన్నాడు. పెట్టెల మీద పెద్ద అక్షరాలతో 'గెడ్డాడ కుసుమ వంగడం' అని అచ్చు వేయించాడు. గెడ్డాడవాళ్ళు ఏ వాడవాళ్ళో ఆ నలభై ఊళ్ళలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అతనికీ తెలుసు. పేరు రాస్తున్నప్పుడు మాత్రం అది తట్టలేదు.

దూరప్రాంతాలకు వెళ్ళినవాటితో ఏ ఇబ్బందీ రాలేదు. కేరళలో, ఒడిశాలో, గుజరాత్‌లో ఆ పేరు చదివి సంతకాలు పెట్టారు, లేచి నడిచారు. దిబ్బల ప్రాంతం వంతు వచ్చింది. మూత్రపిండం ఎవరి కణాల నుంచి వచ్చిందో రోగికి చదివి వినిపించాలని చట్టం. త్రినాథ్ చదివేవాడు. విన్నవాళ్ళు కాసేపు నేల చూసేవాళ్ళు.

"సొంతదైతేనే మంచిది కదండీ."

"ఆషాఢం వెళ్ళనివ్వండి."

"ఇంట్లో ఆలోచించుకుని చెప్తాం."

అసలు మాట ఒక్కరూ అనలేదు. కుసుమ బస్సెక్కుతారు, కుసుమ చెయ్యి పట్టుకుని దిగుతారు. ఆ మూత్రపిండం మాత్రం వద్దంటారు. సోమేశ్వర్రావు మాస్టారు కూడా ఆలోచించుకుని చెప్తామనే అన్నారు.

పది గంటలకు త్రినాథ్ ఇక తప్పదన్నట్టు యంత్రం ముందు నిలబడ్డాడు.

"మంత్రసానీ, సోమేశ్వర్రావు మాస్టారి గిన్నెల సంగతి చెప్పు."

"వయసు అరవై తొమ్మిది. నూట యాభై రెండో రోజు" అంది యంత్రం. "మూడు గిన్నెల్లో పెట్టాం. కణాలు వెనక్కి వెళ్ళాయి. ముందుకు రమ్మంటే మూత్రపిండం వైపు రాలేదు. పన్ను, వెంట్రుక, కొవ్వు కలిసి గడ్డకట్టాయి. మూడూ విఫలం."

"మళ్ళీ మొదలుపెడితే?"

"ఏడు నెలలు. గెలిచే అవకాశం నూటికి నాలుగు. ఆయన రెండు చేతుల్లోనూ రక్తనాళాలు మూసుకుపోయాయి. డయాలసిస్‌కి దారి లేదు. మిగిలింది ముప్పై రోజులు, మహా అయితే నలభై. రెండో అలమరలో ఉమ్మడి మూత్రపిండం సిద్ధంగా ఉంది. పంపమంటావా?"

"ఆయన ఒప్పుకోలేదు."

"కారణం నమోదు కాలేదు."

"ఇంట్లో ఆలోచించుకుని చెప్తామన్నారు."

"అది కారణం కాదు" అంది యంత్రం.

మాస్టారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. కాళ్ళు వాచి మెరుస్తున్నాయి. త్రినాథ్‌కి పదో తరగతిలో జీవశాస్త్రం చెప్పింది ఆయనే. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే తల్లిని ఒప్పించి, పై చదువుకి దరఖాస్తు దగ్గరుండి నింపించింది ఆయనే. మనుషులందరి రక్తం ఒకటేనని బోర్డు మీద రాసి, దాన్ని ఏడాదంతా చెరపనివ్వని మనిషి. ఒకప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని గెడ్డ దాటి, వాగు అవతలి గెడ్డాడవాళ్ళ వాడకి వెళ్ళి అక్కడ భోజనం చేసి వచ్చారని ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"రారా త్రినాథా. ఏమంటోంది మీ మంత్రసాని? మగపిల్లాడా, ఆడపిల్లా?"

త్రినాథ్ నవ్వలేకపోయాడు. "ఇంకా టైం పడుతుంది మాస్టారూ. మీకు అంత టైం లేదు. ఉమ్మడిది పెట్టించుకోండి. రేపే చేసేస్తాం."

"అదేరా, ఆలోచిస్తున్నాం."

"ఆలోచించడానికేముంది? మీరే కదా మాకు..."

మాస్టారు లోపలికి చూశారు. వంటింట్లో భార్య శాంతమ్మ గారు గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఆయన గొంతు తగ్గించారు.

"నాకు పట్టింపులున్నాయనుకుంటున్నావా? వాళ్ళ వాకిట్లో విస్తరేసుకుని తిన్నవాణ్ణిరా నేను. ఈ ఊరంతా నన్ను వెలేస్తానన్నా వెళ్ళి తిన్నాను. కానీ తిండి వేరు. తిన్నది అరిగిపోతుంది. ఇది ఉండిపోతుంది కదరా."

త్రినాథ్ తన చేతులు చూసుకున్నాడు.

"పోనీ నువ్వు చెప్పు" అన్నారు మాస్టారు. "మీ అమ్మకైతే పెట్టిస్తావా?"

"పెట్టిస్తాను."

ఆ మాట రావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణం ఇద్దరికీ తెలిసింది. మాస్టారు నొప్పిలో కూడా చిన్నగా నవ్వారు.

శాంతమ్మ గారు మజ్జిగ తెచ్చి, "ఎన్నాళ్ళు పడుతుంది నాయనా?" అని అడిగింది. గ్లాసు అందించకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది. గడ్డ సంగతి చెప్పాలనే వచ్చాడు త్రినాథ్. కానీ నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"మూడు వారాలమ్మా. మాస్టారి సొంతదే తయారైపోతోంది."

కేంద్రానికి తిరిగొచ్చి డాక్టర్ హైమవతికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"పేరు చదివి వినిపించకపోతే నేరం. దాచాలంటే ఆ పేరుగల మనిషి సంతకం చెయ్యాలి. ఆవిడ చేస్తే నేనూ చేస్తాను. ఈ ఒక్కసారికే, త్రినాథ్."

మధ్యాహ్నం బస్సు షెడ్డు దగ్గర కుసుమ ముందు అద్దం కడుగుతోంది.

"ఏటి బాబూ, ఎండన పడొచ్చినారు? ఫోను సేస్తే నానే వొద్దును కదా."

త్రినాథ్ మొత్తం చెప్పాడు. కుసుమ వింటూనే అద్దం తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"ఇంతకీ నన్నేటి సెయ్యమంటారు?"

"పేరు లేకుండా వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం అక్కా."

"కిడ్నీ కావాల. పేరొద్దు." గట్టిగా నవ్వింది. "పెళ్ళప్పుడూ ఇంతే. కన్నోరి ఇంటిపేరు తీసీసి గెడ్డాడోరిది తగిలించినారు. ఆయన పోయినాక నాకు మిగిలింది అదొక్కటే. ఇప్పుడు మీరు అదీ తీసీమంటారు."

"ఒక్క మాస్టారి కోసమే అక్కా. ఇంకెవరికీ అడగను."

"మాస్టారు సిన్నబడిల సెప్పినప్పుడు నానూ సదివినాను, ఐదో తరగతి వొరకూ. ఎనక బెంచీ. మాస్టారు నన్నొక్క దెబ్బా కొట్టలేదు." చేతిలో గుడ్డ పిండింది. "ముట్టుకోడం ఇష్టం లేక కొట్టలేదో, మంచోరై కొట్టలేదో నాకిప్పుడు తెలీకుండా సేసినారు బాబూ మీరు. ఇయ్యండి పెన్ను."

బస్సు మెట్టు మీద కాగితం పెట్టుకుని నింపాదిగా, పూర్తి పేరుతో సంతకం చేసింది. పెన్ను తిరిగిస్తూ అంది:

"డబ్బాల మీద నా పేరు అంతంత అచ్చరాలతో ఏసినారు గదా. నాలుగేళ్ళుగా నా కేరియర్ల మీకోసం అట్టు ఎట్టుకొస్తన్నాను. ఒక్కనాడు తిన్నారేటి? ఎప్పుడడిగినా తినీసొచ్చినాను అంటారు."

త్రినాథ్ తల వంచుకుని కాగితం మడిచాడు.

మూడు వారాల తర్వాత మాస్టారికి ఆపరేషన్ చేశారు. పదో రోజుకు కాళ్ళ వాపు తగ్గింది. నలభయ్యో రోజున ఆయన చేతికర్ర లేకుండా గుమ్మం దిగి, వీధి చివరి దాకా నడిచి వచ్చారు. చేతి పట్టీ మీద అంకె ఒకటికి దిగింది. శాంతమ్మ గారు ఆ పట్టీని కళ్ళకద్దుకుంది.

ఆ రెండు నెలలూ త్రినాథ్ ఊరూరా తిరిగాడు. ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, కోప్పడి, గెడ్డాడ కుసుమ వంగడానికి అరవై ఒక్కమందిని ఒప్పించాడు. అందరివీ వారాలు, నెలలు లెక్కపెట్టుకుంటున్న ప్రాణాలే, ఆపరేషన్లు మాత్రం వచ్చే వారం నుంచే. వాళ్ళలో ఇంకా ఊగిసలాడుతున్నవాళ్ళకి ధైర్యం చెబుదామని కేంద్రం వాళ్ళు హైస్కూల్ ఆవరణలో సభ పెట్టారు. మాస్టారిని మాట్లాడమన్నారు. జనాన్ని కుసుమ తన బస్సులోనే తెచ్చింది. షామియానా అంచున, తలుపు తెరిచిన బస్సు మెట్టు మీద కూర్చుని వింటోంది.

మాస్టారు మైకు అందుకున్నారు. పాతికేళ్ళ క్రితం గొంతు.

"నేను చావు దాకా వెళ్ళొచ్చాను. నన్ను బతికించింది ఎవరో కాదు, నా ఒళ్ళే. నా బుగ్గలోంచి తీసిన చిటికెడు కణాల నుంచి నా మూత్రపిండం మళ్ళీ పుట్టింది. మనలో కొందరు తొందరపడి ఎవరెవరివో తీసుకోవడానికి ఒప్పుకుంటున్నారని విన్నాను. తప్పని నేననను. అందరి రక్తం ఒకటే. కానీ నాయనా, తల్లీ, ఓపిక పట్టండి. నేను ఓపిక పట్టాను. సొంతదానికి సాటి లేదు."

చప్పట్లు చాలాసేపు మోగాయి. త్రినాథ్ బస్సు వైపు చూశాడు. మెట్టు మీద కుసుమ లేదు. లోపలికి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని, రోడ్డు వైపు చూస్తోంది.

మర్నాడు మధ్యాహ్నానికి అరవై ఒక్కమందీ ఒకరి తర్వాత ఒకరు వచ్చి సంతకాలు వెనక్కి తీసుకున్నారు. "మాస్టారంతటివారే చెప్పారు కదండీ" అన్నారు. అందరూ సొంత కణాలకే రాయించుకున్నారు.

"ఇందులో ఎంతమందికి కుదురుతుంది?" అని యంత్రాన్ని అడిగాడు త్రినాథ్.

"పదకొండు మందికి. మిగతావాళ్ళ పేర్లు చదవమంటావా?"

"వద్దు."

ఆ సాయంత్రమే మాస్టారింటికి వెళ్ళాడు. శాంతమ్మ గారు పక్కింటికి వెళ్ళి ఉంది. త్రినాథ్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, గడ్డ సంగతి, అలమర సంగతి, సంతకం సంగతి.

మాస్టారి చెయ్యి తనంతట తనే నడుము పక్కకి వెళ్ళింది. వెళ్ళినట్టు తెలిశాక చటుక్కున తీసేశారు.

"ఎవరెవరికి తెలుసు?"

"నాకు, మేడమ్‌కి, ఆవిడకి."

"శాంతకి చెప్పకు."

"శాంతమ్మ గారి కోసం రాలేదు మాస్టారూ. అరవై ఒక్కమంది ఉన్నారు. మీరు నిజం చెబితే వాళ్ళు రేపే వస్తారు."

"నిజం చెప్పనివాడివి నువ్వు. ఇప్పుడు నన్ను చెప్పమంటావా? అందరి ముందూ ఆ మాటన్న నోటితోనా?" ఆయన కుర్చీలోంచి లేచారు. "ఇన్నేళ్ళూ సంపాదించుకున్నది ఒక్క మాటేరా త్రినాథా. మాస్టారు చెప్పారంటే చాలు. అది పోతే నేనెవర్ని?"

త్రినాథ్ జీవితంలో మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూశాడు. "మీకు ఇష్టం లేకపోతే తీయించేసుకోవచ్చు మాస్టారూ. చట్టం ఉంది."

"వద్దు" అన్నారు మాస్టారు. ఆ మాట రావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

తర్వాత త్రినాథ్ అయినా నోరు విప్పాల్సింది. రోగి రహస్యం బయటపెట్టడం నేరమని తనకు తాను చెప్పుకున్నాడు. అది నిజమే. తను మొదట ఆడిన అబద్ధం బయటపడుతుందన్నది ఇంకా పెద్ద నిజం. పట్టా పోతుంది, ఉద్యోగం పోతుంది, అమ్మ మొహం ఎలా చూస్తాడు? రోజూ ఏడింటికి వచ్చి పోషకద్రవం మార్చాడు. గిన్నెల్లో గడ్డలు కట్టినప్పుడల్లా తీసి పారేశాడు.

ఆ అరవై ఒక్కమందిలో మొదట పోయింది భానుమతి. జీడిపిక్కలు ఒలిచేది, ముప్పై ఒక్కేళ్ళు, బస్సులో ఏడో పడక. ఆ వారంలోనే మరో ఇద్దరు. ఐదో నెల వచ్చేసరికి ఇరవై రెండుమంది. రెండో అలమరలో పెట్టెలు నిండుగానే ఉన్నాయి.

ఒక శుక్రవారం, వంతెన దాటాక కుసుమ బస్సు పక్కకి తీసి ఆపింది. హ్యాండ్ బ్రేకు వేసి, లేచి, పడకల మధ్యన నిలబడింది.

"ఏడో పడక ఖాళీ. మూడోది ఖాళీ. పదోది మొన్న ఖాళీ అయిపోనాది. ఇంకెంతమంది ఖాళీ సేత్తారు? మాస్టారి కడుపుల ఉన్నది ఆరిది కాదు. నాది. నానే సంతకం సేసినాను. ఆరికి అతికింది, మీకూ అతుకుద్ది. నన్ను తిట్టండి, ఏటైనా సెయ్యండి. తీసుకోండి, బతకండి."

రక్తం తిరిగే మోటార్ల చప్పుడొక్కటే.

"ఒలే" అంది ఒకటో పడక మీది ముసలామె, ఎప్పుడూ కుసుమ భుజం పట్టుకుని ఎక్కే మనిషే. "బండి తోలే దానివి, బండి తోలు. మాస్టారి కడుపుల నీదుంటాదా? కళ్ళు నెత్తికెక్కినాయే నీకు!"

ఊళ్ళ పెద్దలు మాస్టారి దగ్గరికి వెళ్ళి అడిగారు. ఆయన కోప్పడలేదు. నెమ్మదిగానే జవాబిచ్చారట.

"ఆ అమ్మాయి మంచిదే. పాపం, పడకలు ఖాళీ అవుతుంటే మనసు చెదిరి ఏదో అనుంటుంది. ఏమీ అనకండి."

ఏమీ అనలేదు. ఆ బస్సెక్కం అన్నారంతే. పది రోజుల్లో కొత్త డ్రైవరు వచ్చాడు. కుసుమను మూడు వందల కిలోమీటర్ల అవతల, సరుకుల లారీల డిపోకి బదిలీ చేశారు.

వెళ్ళే రోజున త్రినాథ్ బస్టాండుకి వచ్చాడు. ఆవిడ ఒక సంచీ పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది.

"అక్కా, నీకు హక్కుంది. నా కణాలు ఇక వాడొద్దని ఒక్క కాగితం రాస్తే వంగడం మొత్తం ఆపేయాలి. కాగితం నేనే రాసి తెచ్చాను. సంతకం చేస్తే చాలు."

కుసుమ కాగితం తీసుకుని చదివింది. ఐదో తరగతి చదువు, నెమ్మదిగా పెదాలు కదుపుతూ మొత్తం చదివింది.

"ఆపీమంటే మాస్టారిది ఆగిపోద్దా?"

"లేదు. ఇప్పటికే పెట్టినవి పని చేస్తాయి. కొత్తవి ఉండవు."

"కేరళల ఎవరో ఆరేళ్ళ పిల్లగుంట ఉన్నాదంట గదా, వొచ్చే నెల దానికొకటి పంపాలంట."

"ఉంది."

కుసుమ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని చొక్కా జేబులో తిరిగి పెట్టింది. "మీకు శిచ్చ కావాలనుకుంటే మీరే ఏసుకోండి బాబూ. నా సేత ఏయించకండి." బస్సు వచ్చింది. ఎక్కి కూర్చుంది, చెయ్యి ఊపలేదు.

ఆ ఏడాది చివర్లో కొత్త ఆదేశం వచ్చింది. వంగడాలకు మనుషుల పేర్లు ఉండకూడదు, ఎవరి నుంచి వచ్చాయో చదవనక్కర్లేదు. పెట్టెల మీద అచ్చు తుడిచి 'ఉషస్సు-4' అని వేశారు. అప్పటికి అరవై ఒక్కమందిలో ముప్పై ఎనిమిది మంది పోయారు. మిగిలినవాళ్ళలో సొంతది కుదరనివాళ్ళు కేంద్రానికి వచ్చి, "ఇది ఎవరిదండీ?" అని అడిగారు.

"ఎవరిదీ కాదు" అన్నాడు త్రినాథ్.

"ఎవరిదీ కాకపోతే మంచిదే" అని సంతకాలు పెట్టారు. అందరూ బతికారు.

ఇప్పుడు దిబ్బల ప్రాంతంలో డయాలసిస్ బస్సు లేదు, దాని అవసరం లేదు. నలభై ఊళ్ళలోనూ ఉషస్సు-4 లేని ఇల్లు లేదు. మాస్టారు ఎనభై ఎనిమిదేళ్ళు నిండుగా బతికి వెళ్ళిపోయారు. హైస్కూల్‌కి ఆయన పేరు పెట్టారు. త్రినాథ్ ఆ కేంద్రానికే డైరెక్టరయ్యాడు. కణం చేత దాని పుట్టుక మరిపించడం ఎలాగో దేశమంతా తిరిగి పాఠాలు చెబుతున్నాడు. కుసుమ ఆ లారీల డిపోలో ఆరేళ్ళు పనిచేసి, ఒక వర్షాకాలం జ్వరంతో పోయిందని తర్వాత ఎవరో చెప్పారు.

ఇది చదువుతున్న మీ ఇంట్లో ఎవరికైనా నడుము పక్కన చిన్న కుట్టు గుర్తు ఉంటే, ఒక్కసారి గెడ్డాడ కుసుమను తలుచుకోండి. ఆవిడ పదిహేనేళ్ళు ఆ బస్సు నడిపింది. దారిలో కల్వర్టు వచ్చినా, గతుకు వచ్చినా బాగా ముందే వేగం తగ్గించి, పసిపిల్ల ఉయ్యాల దాటించినట్టు దాటించేది. లోపల పడుకున్నవాళ్ళ చేతుల్లో సూదులు కదులుతాయని.